శాశ్వత పరిశీలనా స్థితిలో ఒక గేలం

సముద్రంలో చేపలు పట్టడానికి ఇచ్చిన సాధనం సముద్రంలోకి వెళ్ళకూడదన్న నిర్ణయం ఒక్కరోజులో జరిగింది కాదు. అటువంటి నిర్ణయాలు ఎక్కడా ఒక్కరోజులో జరగవు. చదువుకున్నవారు కొందరు పూనుకుని, ఎవరికీ ఏ దురుద్దేశమూ లేకుండా, ప్రతి అడుగూ నిబంధన ప్రకారం వేసుకుంటూ రావాలి. చినగెడ్డపాలెంలో అలాగే వచ్చారు.

చోడిపల్లి దానయ్య కుడిభుజం ముందటి వానకారులో చెడింది. వల బరువెక్కిన సమయంలో అల ఒకటి పడవను ఎత్తి కుదేసింది. చేతిలోని తాడు వదలనందుకు భుజం కీలు తప్పింది. పట్నం డాక్టరు దాన్ని తిరిగి కూర్చాడు గాని, ఆ చెయ్యి తల ఎత్తుకు లేవడం మానేసింది. వల లాగేవాడికి ఆ చెయ్యి పనికిరాదు. పడవ దానయ్య బావమరిది గంగులుది. గంగులు చెడ్డవాడు కాడు, లెక్క తెలిసినవాడు.

“బావా, కోపగించుకోకు. వల లాగినోడికి వాటా ఇత్తాం. లాగతంటే సూసినోడికి ఏటిత్తాం? సినిమా టిక్కెట్టేటి?” అన్నాడు.

అన్నవాడే పట్నంలో ఒక అపార్టుమెంటు కాపలా పని కూడా కుదిర్చి పెట్టాడు. కోనాం, అంటే వంజరం చేపల కాలం ముగిసేలోగా ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. దానయ్య ఒకసారి వెళ్ళి ఆ కుర్చీ చూసి వచ్చాడు. అక్కడ కూర్చుంటే ఎదురుగా గేటు కనిపించింది, గేటు అవతల ఇంకో గేటు కనిపించింది. సముద్రం వాసన కూడా రాలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, “అక్కడ కూకుంటే నాను ఎండిపోతానే” అన్నాడు భార్య కాసులమ్మతో. ఆమె ఏమీ అనలేదు. కాసులమ్మ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అరుదైన సంఘటన.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం ‘చలన గేల విధానం’ ప్రవేశపెట్టింది. ప్రయోగాత్మకంగా జిల్లాకు ఒకటి చొప్పున ఇచ్చిన ఆ సాధనం కొబ్బరికాయంత రీలు. దాని మీద చుట్టుకోవడానికి సన్నని ఉక్కు తీగ, తీగ కొసకు కట్టడానికి గేలం బిగించిన తళుకు రేకు వచ్చాయి. పడవ నెమ్మదిగా పోతుంటే రేకు వెనకాల చిన్న చేపలా మెరుస్తూ ఈదుకొస్తుంది. నైలాన్ దారమైతే పైపైన తేలుతుంది. ఉక్కు తీగ తన బరువుకు తానే దిగి, కోనాం తిరిగే లోతుకు రేకును తీసుకుపోతుంది. చేప పడ్డాక పిడి తిప్పితే చాలు. అందుకు భుజం ఎత్తనక్కరలేదు, మోచెయ్యి ఆడితే సరిపోతుంది.

దానయ్యకు మోచెయ్యి ఆడుతుంది. అతని సొంత చిన్న తెప్ప ఇసుకలో బోర్లా పడి ఉంది. దరఖాస్తు పెట్టిన మొదటివాడు అతనే. పెట్టిన చివరివాడూ అతనే.

మత్స్యశాఖ సహాయ సంచాలకులు సర్వోత్తమరావు గారు స్వయంగా వచ్చి సాధనాన్ని అందజేశారు. “దానయ్యా, ఇది కేవలం ఒక రీలు కాదు. ఒక దృక్పథం. సంప్రదాయిక మత్స్యకారుని శాస్త్రీయ చైతన్యం వైపు మళ్ళించే ఒక చారిత్రక ఉపక్రమణిక,” అన్నారు.

“సిత్తం బాబూ. దీని పిడి ఊడిపోతే ఎక్కడ దొరుకుతాది?” అన్నాడు దానయ్య.

“అది రెండవ దశలో పరిశీలిస్తాం.”

కంపెనీ మనిషి ఒకసారి చుట్టి చూపించి వెళ్ళిపోయాడు. అడుగున నైలాన్ తాడు చుట్టాలి, లేకపోతే నున్నని ఇరుసు మీద తీగ జారుతుంది. తాడు కొసకు తీగ కలిపి, బిగువుగా, వరస పక్కన వరసగా చుట్టాలి. ఎక్కడైనా వదులైతే తీగ చుట్టలు చుట్టలుగా ఎగిరి మెలిక పడుతుంది. మెలిక పడిన ఉక్కు తీగ అక్కడే తెగుతుంది. దానయ్య ఈ మాట మొదట నమ్మలేదు. బీడీ వెలిగించుకోవడానికి రీలు మీంచి బొటనవేలు తీశాడు. రీలులోంచి తీగ కోడిపుంజులా ఎగిరి అతని మెడకు చుట్టుకున్నాక నమ్మాడు.

రెండోసారి కాసులమ్మను పిలిచాడు. ఆమె ఇసుకలో దూరంగా నిలబడి, తడి గోనెపట్టాతో తీగను పట్టుకుని వెనక్కి వాలింది. దానయ్య పిడి తిప్పుతుంటే, అడుగు అడుగూ బిగపట్టుకుంటూనే ముందుకు వచ్చింది.

“ఏటయ్యా, నన్నేటి చేపననుకున్నావా, అలాగ ఈడ్సేస్తన్నావు?”

“చేపే నయం. అది నోరు తెరిస్తే దానికే గేలం పడతాది. నువ్వు తెరిస్తే నాకు పడతాది.”

తీగ ఎంత నీళ్ళలోకి పోయిందో తెలియడానికి అక్కడక్కడ ఎర్ర టేపు చుట్టారు. సాయంత్రానికి రీలు నిండుగా, దారం ఉండలా నున్నగా కుదిరింది. కోనాం అప్పుడప్పుడే వస్తున్నాయని గంగులు చెప్పాడు. మర్నాడు తెల్లవారగానే తెప్ప నీళ్ళలోకి తోయాలని దానయ్య నిశ్చయించుకున్నాడు.

తెల్లవారగానే తెప్ప దగ్గరికి నిల్వల పరిశీలనాధికారి నిష్ఠల భావనారాయణ గారు వచ్చారు.

ఆయన గొప్ప సత్యాన్వేషి. చూడనిదాన్ని నమ్మరు, చూసినదాన్ని కొలవకుండా నమ్మరు. ఒక గోదాములో ఉప్పు బస్తాలున్నాయంటే ప్రతి బస్తాలోనూ వేలు పెట్టి నాలుకకు రాసుకుని, నెలరోజులు రక్తపోటుతో సెలవు పెట్టిన మనిషి. అనుమానం వివేకానికి ఆరంభమని పెద్దలు చెప్పగా విని, అంతం కూడా అదేనని నిర్ధారించుకున్నారు.

“రీలు ఒకటి. ఉన్నది. తీగ నూరు మీటర్లు. ఏది?”

“రీలు మీద సుట్టీసినాను బాబూ.”

“నాకు కనిపిస్తున్నది పైవరస. అది పట్టుమని ఆరు మీటర్లు ఉండదు. దాని అడుగున తీగ ఉన్నదని ప్రమాణమేమిటి?”

“అడుగున నేకపోతే పైన ఎలాగుంటాది బాబూ?”

“అది అనుమానం. నాకు ప్రత్యక్షం కావాలి. విప్పు.”

విప్పితే ఎగురుతుందని దానయ్య చెప్పి చూశాడు. ఎగరడం తమ నిబంధనల్లో లేదని భావనారాయణ గారు సెలవిచ్చారు. ఇసుక మీద విప్పారు. తీగ ఎగిరింది. పరిశీలనాధికారి పాదాలను, ఒక కుక్కను, కాసులమ్మ చేపల తట్టను కలిపి కట్టింది. విడదీసి కొలిస్తే మెలికల దగ్గర తెగిన ముక్కలు పోను తీగ తగ్గింది.

“లోటు!” అన్నారు భావనారాయణ గారు, ఒక సిద్ధాంతం రుజువైనప్పటి ఆనందంతో. “నా అనుమానం నిజమైంది. ప్రతి నెలా వస్తాను.”

ఈ నివేదిక సర్వోత్తమరావు గారిని కలవరపరిచింది. తీగను చుట్టితే కనిపించదు, విప్పితే తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా సంజాయిషీ ఇవ్వవలసింది తాము. పైగా, సముద్రంలోకి వదిలిన తీగను ఎవరు కొలవగలరు? మూడు సమావేశాల అనంతరం వారొక పరిష్కారం కనిపెట్టారు. తీగను చుట్టకూడదు, విప్పకూడదు, తడపకూడదు. ఒడ్డున స్తంభాలు పాతి ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి కట్టి, ఎల్లవేళలా కొలతకు సిద్ధంగా ఉంచాలి. దీనికి ‘శాశ్వత పరిశీలనా స్థితి’ అని పేరు పెట్టారు. తెగిన భాగానికి కొత్త తీగ తెప్పించి అతికించారు. రీలును సిమెంటు గూట్లో పెట్టి తాళం వేశారు. తళుకు రేకును గూటి మీద తోరణంగా కట్టారు. దానయ్యను సంరక్షకుడిగా నియమించారు.

“మరి ఏట ఎప్పుడు బాబూ? కోనాం వొచ్చీసినాయి,” అన్నాడు దానయ్య.

“వేట రెండవ దశ. మొదటి దశ భద్రత. భద్రత సంపూర్ణమైన పిదప వేట యొక్క ఆవశ్యకత మిగులుతుందా లేదా అనేది సమీక్షిస్తాం.”

గంగులు ఆ స్తంభాల వరసను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూశాడు. “బాగుంది బావా. చేపలు గాలికి కొట్టుకొచ్చి పడతాయేటి?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “అపార్టుమెంటోళ్ళు మళ్ళీ అడిగినారు. వొచ్చే అమాస లోపల సెప్పమన్నారు,” అన్నాడు.

గాలికి చేపలు పడలేదు గాని, కాసులమ్మకు ఆ గాలి నచ్చింది. అంతవరకు సావళ్ళను ఇసుక మీదే ఎండబెట్టేవారు. వెండి పట్టీల్లాంటి ఆ పొడుగు చేపలకు ఇసుక అంటేది, కుక్కలు ముట్టేవి. మనిషి ఎత్తున బిగించి కట్టిన ఉక్కు తీగ చూసేసరికి ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కరలేకపోయింది. మర్నాటి ఉదయం గంగులు వలలో పడ్డ సావళ్ళను ఉప్పు పట్టించి, వరసగా తీగ మీద వేలాడదీసింది. పక్కింటివాళ్ళు చూసి వాళ్ళవీ వేశారు. పదిరోజుల్లో స్తంభాల మధ్య తీగ కనిపించడం మానేసింది.

నెలాఖరుకు సర్వోత్తమరావు గారు వచ్చారు. వారి చేతిలో పైనుంచి వచ్చిన ఒక ప్రశ్న ఉంది: చలన గేల విధానంలో తీగకు లభించిన చేపలెన్ని? సున్న అని రాస్తే ఎందుకు సున్న అని ఇంకో ప్రశ్న వస్తుంది. జీపు దిగి తల ఎత్తారు. ఎదురుగా తీగ పొడుగునా చేపలు గాలికి ఊగుతున్నాయి.

“దానయ్యా. ఇవి చేపలేనా?”

“చేపలే బాబూ.”

“తీగకే ఉన్నవా?”

“తీగకే ఉన్నాయి గాని బాబూ, ఇవి మా గంగులు వలలో...”

సర్వోత్తమరావు గారు చెయ్యెత్తి ఆపారు. “మూలాన్వేషణ మన పరిధిలోనిది కాదు. తీగ ఉన్నది. చేపలున్నవి. వాటి మధ్య సంబంధమున్నది. లెక్కించండి.”

ఆ నెలకు చినగెడ్డపాలెం తీగ రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. మిగతా జిల్లాల్లో రీళ్ళను అమాయకంగా సముద్రంలోకి తీసుకుపోయారు కాబట్టి పోటీ లేకపోయింది. ఒక నిపుణుల సంఘం వచ్చి, గొడుగుల కింద కుర్చీలు వేసుకుని, వారం రోజులు తీగను గమనించింది. వారి పరిశోధన ఫలితాలు శాస్త్రలోకంలో అపూర్వమైనవి. చేపలు సూర్యోదయానంతరం తీగను ఆశ్రయించి, వర్ష సూచన కనిపించగానే విడిచిపోతున్నాయి. పడవ అవసరం లేదు, కాబట్టి ఇంధన వ్యయమూ లేదు. వేటగాడికి మునిగిపోయే ప్రమాదం లేదు. లభించే చేపలు ముందే ఉప్పు పట్టి ఉండటం ఈ విధానపు విశిష్టత. స్త్రీలు సమీపించినప్పుడు చేపల సంఖ్య పెరుగుతున్నందున, స్త్రీల పట్ల చేపలకు గల ఆకర్షణపై ప్రత్యేక అధ్యయనం అవసరం.

“పెళ్ళైన కొత్తలో ఈయనక్కూడా అలాగే ఉండీది,” అంది కాసులమ్మ, ఆ ముక్క గంగులు చదివి వినిపించినప్పుడు.

దానయ్య నవ్వలేదు. గంగులు పడవ ఆ ఉదయమే సముద్రంలోని రాళ్ళగుట్ట అవతల కోనాం గుంపును చూసి వచ్చింది. అవి నీళ్ళమీదికి బాణాల్లా ఎగురుతున్నాయట. వలకు చిక్కే చోటు కాదు, రాళ్ళు; గేలానికి మాత్రం అంతకంటే మంచి చోటు లేదు. అమావాస్య దగ్గర పడింది. దానయ్య సిమెంటు గూటి ముందు కూర్చుని తాళం వంక చూస్తూ, “ఏటే, అపార్టుమెంటుకి ఎల్లిపోమంటావా?” అన్నాడు. కాసులమ్మ లేచి, ఎండిన సావళ్ళను తీగ మీంచి తట్టలోకి దించసాగింది.

ఆ స్థితిలో అతన్ని ఆదుకున్నది నిపుణుల సంఘం నివేదికలోని ఆఖరి పేజీ.

సంఘం సత్యసంధమైనది. చేపల లభ్యతలో రీలు పాత్ర ఏమీ లేదని కనిపెట్టి, అలాగే రాసింది. రీలు గూట్లో ఉన్నది, చేపలు బయట ఉన్నవి. కావున రీలు అనవసరం. తళుకు రేకును చూసి ఒక్క చేపా ఆకర్షితమైనట్లు దాఖలా లేదు, అదీ అనవసరం. ఉక్కు తీగ ఎండకు కాలి చేపల మీద వాత పెడుతున్నది. కొబ్బరి తాడైతే ఇంకా ఎక్కువ చేపలు నిలుస్తాయి. అందువల్ల ఈ విధానాన్ని ఆధునికీకరించి, రీలు, తీగ, రేకులను పనికిరాని సామగ్రిగా ప్రకటించి, కొబ్బరి తాడు అమర్చవలెను.

పనికిరాని వేట సామగ్రిని ఏం చెయ్యాలన్నదానికి పాత నిబంధన ఉండనే ఉంది. ఎవరూ తిరిగి వాడుకునే అవకాశం లేకుండా ఒడ్డుకు దూరంగా సముద్రంలో విసర్జించాలి. విసర్జనను నిల్వల పరిశీలనాధికారి కళ్ళారా చూసి ధ్రువీకరించాలి.

భావనారాయణ గారు ఉదయమే వచ్చారు. రీలును, తీగను కట్టగట్టి నీళ్ళలో పడేద్దామన్న సలహాను తోసిపుచ్చారు. “కట్టలో ఎంత తీగ ఉన్నదో నాకేమి తెలుస్తుంది? నూరు మీటర్లూ నా కళ్ళముందు నీటిలోకి దిగాలి. ఒక్కొక్క మీటరూ నేను చూడాలి.”

“అయితే రీలుకి సుట్టీసి తీసుకెళ్ళాల బాబూ. పడవ మెల్లగా పోతంటే, మెల్లమెల్లగా ఒదలాల,” అన్నాడు దానయ్య. అప్పటికే అతని చూపు రాళ్ళగుట్ట వైపు పోయింది.

“అలాగే కానివ్వు. రేకు కూడా కొసకు కట్టు. అదీ విసర్జించవలసిన వస్తువే.”

కాసులమ్మ చీర చెంగు బిగించి, తడి గోనెపట్టాతో తీగను పట్టుకుంది. స్తంభాల మధ్య అన్నాళ్ళుగా బిగువుగా ఉన్న తీగ ఒక్క మెలిక లేకుండా, వరస పక్కన వరసగా, రీలు మీద కుదిరింది. అంత శ్రద్ధగా చుట్టి పారవేసిన వస్తువు ఈ దేశంలో ఇంకోటి లేదు. తెప్పను నీళ్ళలోకి తోశారు. గంగులు తెప్ప వెనక బిగించిన చిన్న ఇంజను దగ్గర కూర్చున్నాడు.

“ఎటెల్దాం బావా?”

“రాళ్ళగుట్ట అవతలికి. అక్కడ లోతు. పారేసినా ఎవులికీ దొరకదు,” అన్నాడు దానయ్య.

అక్కడికి చేరేసరికి భావనారాయణ గారి ముఖం పచ్చిమామిడి రంగుకు తిరిగింది. ఆయన కడుపు ఆయన మాట వినడం లేదు; కళ్ళు మాత్రం కర్తవ్యం విడవలేదు. దానయ్య రేకును నీళ్ళలో వదిలి, రీలు మీద బొటనవేలు ఆనించి, తీగను కొంచెం కొంచెంగా పోనిచ్చాడు. ఎర్ర టేపులు ఒకదాని వెనక ఒకటి నీళ్ళలో మునిగాయి.

“తొందరపడకు, నేను చూడాలి,” అన్నారు భావనారాయణ గారు, తెప్ప అంచు మీదికి వంగి, రెండు పనులూ ఒకేసారి చేస్తూ.

ఆఖరి టేపు మునిగింది. అడుగునున్న నైలాన్ తాడు కనిపించింది. భావనారాయణ గారు కాగితం తీసి, ‘తీగ నూరు మీటర్లు, రేకు ఒకటి: నా సమక్షంలో సంపూర్ణముగా విసర్జింపబడినవి’ అని సంతకం చేశారు. “ఇక రీలును కూడా...”

రీలు కిర్రుమని కేక పెట్టింది.

తాడు నీళ్ళలోకి ఉరుకుతోంది. దానయ్య పిడి పట్టుకున్నాడు. భుజం లేవలేదు; లేవనక్కరలేదు. మోచెయ్యి ఆడింది.

“ఆగు! ఏం చేస్తున్నావు? విసర్జించిన వస్తువును తిరిగి స్వాధీనం చేసుకోవడం నేరం!”

“నాను తియ్యట్లేదు బాబూ, చేప తెచ్చి ఇత్తంది! గంగులూ, ఆపీకురా, తీగ అడుక్కెల్లిపోద్ది! మెల్లగా పోనీ!”

“లాగు బావా! అలసిపోనీ దాన్ని! లాగు!” గంగులు తన పడవలో కూడా అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు.

ఎర్ర టేపులు ఒకటొకటిగా మళ్ళీ పైకి వచ్చాయి. ఆఖర్న నీళ్ళు చీల్చుకుని, దానయ్య కాలంత కోనాం తెప్పలోకి వచ్చి భావనారాయణ గారి ఒళ్ళో పడింది. ఆయన దాన్ని కౌగిలించుకున్నారు. ఆసరాకు ఇంకేదీ దొరకలేదు.

ఒడ్డుకు తిరిగి వచ్చేదాకా ఆయన ఆలోచించారు. శాఖ దృష్టిలో తీగ విసర్జితమైంది. దానికి సంతకమున్నది. సంతకం తప్పంటే తమ కళ్ళు తప్పు. తమ కళ్ళు తప్పయితే ఇంతవరకు ఉద్యోగంలో చూసినవన్నీ తప్పు. ఇసుక మీద కాలు మోపి, ప్రాణం కుదుటపడ్డాక తీర్పు చెప్పారు: “ఆ తీగ ప్రభుత్వానిది. అది సముద్రంలో ఉన్నది. ఈ తీగ సముద్రంలోంచి వచ్చింది. సముద్రంలోంచి వచ్చినది పట్టినవాడిది.”

“మరి రీలో బాబూ?” అన్నాడు గంగులు.

“తీగ సంపూర్ణముగా పోయిన పిదప రీలుకు అస్తిత్వమెక్కడిది?” అని, ఆయన తూలుతూ జీపు వైపు వెళ్ళిపోయారు.

దానయ్య అమావాస్యకు పట్నం వెళ్ళలేదు. ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకెవరో కూర్చుని గేటు చూస్తున్నారు. అతను రోజూ తెల్లవారగానే తెప్ప వేసుకుని రాళ్ళగుట్ట అవతలికి పోయి, ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చేవాడు. ఒకనాడు రెండు కోనాలను భుజానికి, ఎడమ భుజానికే, వేసుకుని ఒడ్డెక్కుతుంటే సర్వోత్తమరావు గారు ఎదురయ్యారు. కొత్త కొబ్బరి తాడును చూపించడానికి పొరుగు రాష్ట్రం బృందాన్ని వెంటబెట్టుకొచ్చారు.

“ఎక్కడినుంచి, దానయ్యా?”

“ఏట నుంచి బాబూ.”

“సముద్రంలోకి వెళ్ళావా! ఎందుకు?”

“చేపలకి బాబూ.”

సర్వోత్తమరావు గారు అతన్ని చాలాసేపు జాలిగా చూశారు. తర్వాత బృందం వైపు తిరిగి, “చూశారా, ఇదీ మన అసలు సమస్య. ఇంత శాస్త్రీయమైన విధానం గుమ్మం ముందు ఉండగా, చేపల కోసం నీళ్ళలోకి వెళ్ళే మూఢాచారం వీళ్ళను ఇంకా వదలలేదు,” అన్నారు.

బృందం తల ఊపి రాసుకుంది.

కాసులమ్మ కోనాలను అందుకుని, రీలు మీది ఉప్పు పోయేలా మంచినీళ్ళు పోస్తూ, ఎంతో వినయంగా అంది: “అలవాటైపోనాది బాబూ. మెల్లిమెల్లిగా మానిపిత్తాను లెండి.”

వాళ్ళు తాడు వైపు కదలగానే మొగుడి వైపు తిరిగింది.

“రేపు ఇంకాస్త ఎదరకెల్లు. పెద్దవి అక్కడున్నాయంట.”